‘ఇండిపెండెన్స్ డే’ చిత్రము - గుణదోషములు

అన్యగ్రహవాసులు భూమిపై దండెత్తు కథలకు మార్గదర్శకమైనది హెచ్. జి. వెల్స్ నవల ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’. అది 1898లో గ్రంథరూపమున వెలువడినది. ఆ బాటలోనే రోలాండ్ ఎమరిక్ దర్శకత్వమున 1996లో విడుదలయైన అమెరికా చిత్రము ‘ఇండిపెండెన్స్ డే’. దాదాపు ఏడున్నర కోట్ల డాలర్ల వ్యయముతో నిర్మింపబడిన యీ చిత్రపు గుణదోషములను విచారింతము.

దీని ప్రధానగుణము దృశ్యరచన. శత్రువు కంటబడకమునుపే అతని నౌకల నీడ మహానగరములను కప్పివేయుట మనకు భయము గొల్పును. అమెరికా అధ్యక్షభవనమునకు చిన్న నమూనాను కట్టి, దానిని నిజముగనే ప్రేల్చి చిత్రించిరి. దృశ్యప్రభావములకు గాను ఈ చిత్రమునకు ఆస్కారు బహుమానము లభించుట సముచితమే.

ఇక దోషములు. మహానగరములు భస్మమైనను, రెండు మూడు కుటుంబముల దుఃఖమునకే తావు దక్కినది. ఇతర దేశముల సేనలు అమెరికా పిలుపునకై కాచుకొనియుండును. తుదకు మన కంప్యూటరు వైరస్ శత్రునౌకల రక్షణకవచమును తొలగించును. పొరుగువారి భాష నేర్చుటకే మనకు ఏండ్లు పట్టుచుండగా, అన్యగ్రహపు యంత్రభాష కొద్ది గంటలలో పట్టువడుట నమ్మదగినదేనా?

వెల్స్ నవలలోను శత్రువులు నశించునది సూక్ష్మజీవుల వలననే. చిత్రము ఆ యుపాయమును గ్రహించి, గ్రంథకర్త హృదయమును విడిచినదని మా యభిప్రాయము. ఐరోపావాసులు టాస్మేనియా ఆదివాసులపై సాగించిన సంహారమును వెల్స్ మొదటి అధ్యాయముననే జ్ఞప్తి చేసి, అట్టి మనము అంగారకవాసులను నిందింపదగునా యని తన పాఠకులనే ప్రశ్నించెను. ఈ చిత్రమును చూచు విద్యార్థులు ఆ నవలను గూడ చదివినచో, శత్రువు నోడించుట యొక్కటే కథ కాదని గ్రహింపగలరు.