ఖాళీ నేల నిజంగా ఖాళీయేనా? పర్యావరణ క్లబ్బుల చుట్టూ అల్లుకున్న అపోహలు

తొలకరి పడగానే బడుల్లో విత్తన బంతుల తయారీ మొదలవుతుంది. ఎర్రమట్టిలో పేడ కలిపి, లోపల వేప, సీతాఫలం గింజలు పెట్టి ఉండలు చుడతారు. పిల్లల్ని దగ్గర్లోని గుట్టకో బీడుకో తీసుకెళ్లి వాటిని విసిరిస్తారు. కేంద్ర పర్యావరణ శాఖ 2001లో జాతీయ హరిత దళం పేరిట బడుల్లో క్లబ్బులు పెట్టించింది. ఉద్దేశం మంచిదే గానీ, ఆచరణలో ప్రకృతి పరిరక్షణ అంటే మొక్కలు నాటడమే అన్నట్టు తయారైంది. చెట్లు లేని నేల పాడుబడ్డ నేల అనీ, దాన్ని అడవిగా మారిస్తే వన్యప్రాణులు వాటంతటవే వస్తాయనీ నమ్మకం. మన మెట్ట ప్రాంతాల్లో ఈ లెక్క తలకిందులవుతుంది.

కలివికోడి సంగతే చూడండి. బ్రిటిష్ వైద్యుడు జెర్డాన్ 1848లో శాస్త్రలోకానికి పరిచయం చేసిన ఈ పక్షి 1900 తర్వాత కనబడకపోవడంతో అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దొరికింది దట్టమైన అడవిలో కాదు, ముళ్లపొదల మధ్య మట్టి కనబడే నేలలో. పొదలు మరీ చిక్కబడినా, మరీ పలచబడినా అది నిలవదు. రాత్రిపూట ఆ ఖాళీల్లో తిరుగుతూ పురుగుల్ని ఏరుకుతింటుంది. అక్కడ చెట్లు కమ్ముకుంటే దానికి నిలువ నీడ దొరకడం కాదు, ఉన్న చోటే పోతుంది. రోళ్లపాడు గడ్డిభూముల్లో ఒకప్పుడు పేరుమోసిన బట్టమేక పక్షి నేలమీదే, సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది. చుట్టూ దూరం దాకా చూపు ఆనాలి దానికి. కృష్ణజింకకు పరుగే రక్ష, ఆ పరుగుకు బయలు కావాలి. ఇలాంటి పొదల నేలను కేంద్రం అచ్చువేసే బంజరు భూముల అట్లాసు బంజరు కింద జమకట్టడం విడ్డూరం.

ఎండలు ఇలా మండుతుంటే చెట్లు వద్దంటారా అని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. బడి ఆవరణలో, బాట పక్కన, ఊళ్లో వేప, కానుగ, రావి ఎన్ని నాటినా మంచిదే. పేచీ అంతా గడ్డి బీడును అడవి చేయబోవడంతోనే. బొగ్గుపులుసు వాయువును చెట్లే పీల్చుకుంటాయన్న వాదనలోనూ సగమే నిజం ఉంది: గడ్డినేల దాచుకునే కర్బనంలో ఎక్కువ భాగం వేళ్లలో, మట్టిలో ఉంటుంది, కాబట్టి పైన గడ్డి తగలబడినా అది చాలావరకు అలాగే ఉంటుంది. ఇక ఏ మొక్కైనా మేలే అనుకుంటే సర్కారు తుమ్మను చూస్తే చాలు. అమెరికా ఖండాల నుంచి 19వ శతాబ్దంలో తెచ్చిన ఆ చెట్టు బీళ్లనూ చెరువులనూ ఆక్రమించి కూర్చుంది.

మరి పిల్లలకు పనేముంటుంది? బోలెడు. కడప జిల్లా లంకమల కొండల్లో పరిశోధకులు మెత్తటి మట్టి పరిచిన పట్టీల మీద పడిన అడుగుల్ని బట్టి కలివికోడి ఆచూకీ తీశారు. బీడు అంచున జల్లించిన మట్టి సాయంత్రం పరిచి, తెల్లారి నక్క నడిచిందో కుందేలు నడిచిందో రాసుకోవడం ఏ బడికైనా సాధ్యమే. ఖర్చు లేదు, ఫొటోకు మాత్రం పెద్దగా పనికిరాదు. అక్టోబరు మొదటివారం వన్యప్రాణి వారోత్సవాల్లో పులిబొమ్మకే బహుమతి వచ్చే చోట ఇదొక ఇబ్బందే. కానీ ఆ నేలను రేపు ప్లాట్లకో సౌర ఫలకాలకో ఇవ్వబోతుంటే, అక్కడేమీ లేదన్న మాటకు గ్రామసభలో బదులు చెప్పగలిగేది అలా నింపిన నోటుపుస్తకమే.