వీథికుక్కలు ఎందుకు మీదపడును?

తెల్లవారగనే ఒక బాలుడు తన పెంపుడుకుక్కను గొలుసుతో పట్టుకొని షికారుకు బయలుదేరును. తన వీథి దాటువరకు ఏ చిక్కును ఉండదు. పక్కవీథి మలుపు తిరిగినంతనే చెత్తకుండీ ప్రక్కన పడుకొనియున్న నాలుగు కుక్కలు ఒక్కమారుగా లేచి, మొరుగుచు ఎదురువచ్చును. అదే బాలుడు బడికి ఒంటరిగా పోవునప్పుడు ఆ కుక్కలు తల యెత్తియైనను చూడవు. వెంట కుక్క ఉన్నప్పుడే ఈ దాడి యేల? కారణము తెలిసినచో తప్పించుకొను మార్గమును తెలియును.

కుక్కకు మన పూర్వులు గ్రామసింహమని పేరు పెట్టిరి. ఆ పేరులో హాస్యమే కాక జంతుశాస్త్ర సత్యము కూడ కలదు. వీథికుక్కలు సాధారణముగా చిన్న గుంపులుగా నివసించును. తిండి దొరకు చెత్తకుండీ, మాంసపు దుకాణము, పడుకొనుటకు నీడ - వీనిని కలుపుకొని ప్రతి గుంపునకు ఒక ఎల్ల ఉండును. స్తంభములమీద, గోడల మూలలందు మూత్రము విడిచి, ఆ వాసనతో తమ ఎల్లను అవి గుర్తించుకొనును. దారిన పోవు మనుష్యుడు వాని తిండికి పోటీదారు కాడు. కొత్త కుక్క అట్లు కాదు. అది అదే స్తంభమును వాసన చూచి తన గుర్తును కూడ వేయును. వీథికుక్కల దృష్టిలో ఇది ఆక్రమణమే.

కాలమునుబట్టి కూడ ఈ కోపము హెచ్చుతగ్గులగుచుండును. మన రైతులు ఎరిగిన చిత్తకార్తె అక్టోబరు నెలలో సుమారు 10వ తేదీనుండి 23వ తేదీవరకు ఉండును. వానలు వెనుకబట్టు ఈ దినములలో వీథికుక్కలు జతకట్టుట ఎక్కువ. మగకుక్కల నడుమ పోట్లాటలును ఎక్కువ. కుక్క గర్భము మోయు కాలము సుమారు 63 దినములు. కాబట్టి చిత్తకార్తెలో చూలుకట్టిన కుక్క డిసెంబరు మధ్యలోనో, ఆ పిమ్మటనో ఈనును. పిల్లలకు పాలిచ్చు తల్లి ఎంత సాధువైనను దగ్గరకు వచ్చినవారిమీద పడును. చలికాలములో పిల్లలున్న స్థలమును వదలి వేరు దారిన పోవుట మేలు. పెంపుడు ఆడకుక్క ఎదలో ఉన్న సుమారు మూడు వారములు దానిని వీథిలో త్రిప్పకుండుట మంచిది.

స్విట్జర్లాండు జంతుశాస్త్రజ్ఞుడు హైనీ హెడిగర్ (1908-1992) జంతువుల ప్రవర్తనలో దూరమునకుగల ప్రాముఖ్యమును వివరించెను. శత్రువు కొంత దూరములోనికి వచ్చినచో జంతువు పారిపోవును. ఇది పలాయన దూరము. పారిపోవుటకు వీలులేక, శత్రువు ఇంకను దగ్గరకు వచ్చినచో అదే జంతువు తిరుగబడును. ఇది సంకట దూరము. గొలుసుతో కట్టిన కుక్కకు పారిపోవు మార్గము లేదు. పైగా యజమాని భయపడి గొలుసును బిగించి లాగినచో కుక్క రొమ్ము పైకి లేచి, చూపు సూటియగును. ఎదుటి కుక్కకు అది సవాలువలె కనిపించును. కావున గొలుసు పొట్టిగా ఉండవలెను గాని బిగుసుకొని ఉండరాదు.

మొరిగే కుక్క కరవదని సామెత. దీనిని పూర్తిగా నమ్మరాదు. దూరమునుండి మొరుగుట హెచ్చరిక మాత్రమే. ఆ హెచ్చరికను లెక్కచేయక ముందుకు పోయినవానిని మొరిగిన కుక్కయే కరవవచ్చును. మొరుగుట మాని, శరీరమును బిగబట్టి, వీపుమీది వెండ్రుకలు నిక్కించి, కన్నార్పక చూచుచు వచ్చు కుక్క మరింత ప్రమాదకరము. తోక ఊపుటయు ఎల్లప్పుడు స్నేహసూచకము కాదు. నిటారుగా నిలిపి బిర్రుగా కదల్చు తోక ఉద్రేకమును తెలుపును.

అట్టి సమయమున పరుగెత్తరాదు. పరుగెత్తుదానిని తరుముట కుక్కకు సహజగుణము. గంటకు 30 కిలోమీటర్లకు పైగా పరుగిడు జంతువును మనుష్యుడు మించజాలడు. నిలిచి, పెంపుడుకుక్కను తన వెనుకకు తెచ్చుకొని, ఎదుటి కుక్క కన్నులలోనికి చూడక, ఒక ప్రక్కకు ఒదిగి, మెల్లగా వెనుకకు నడువవలెను. నిలిపియున్న బండినిగాని, గేటునుగాని అడ్డము చేసికొనవచ్చును. చేతిలో గొడుగున్నచో తెరచి అడ్డము పెట్టవచ్చును. రాళ్లు రువ్వుటవలన ఒక కుక్క పారినను గుంపు రెచ్చిపోవచ్చును. క్రింద పడినచో ముడుచుకొని, చేతులతో మెడను, చెవులను కప్పుకొనవలెను. కుక్కలు కలబడినప్పుడు వాని నోళ్ల నడుమ చేయి పెట్టరాదు. నీళ్లు చల్లుటయో, పెద్ద చప్పుడు చేయుటయో మేలు. పెక్కుమందికి కాటు పడునది విడిపించబోయినప్పుడే.

కాటు పడినచో మొదటి ఔషధము సబ్బు. గాయమును పారు నీటిక్రింద సబ్బుతో 15 నిమిషములు కడుగవలెను. రేబిస్ వైరసు పైపొరలో క్రొవ్వు పదార్థము కలదు. సబ్బు ఆ పొరను చెదరగొట్టును. నూనె కలిసిన నీటిలో సబ్బు వేసి కలిపి ఉపాధ్యాయులు ఈ సూత్రమును తరగతిలోనే చూపవచ్చును. కారము, సున్నము, కాఫీపొడి గాయముమీద వేయరాదు. కడిగిన పిమ్మట ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. కాటు గాటమై రక్తము వచ్చినచో టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులినును గాయములో ఎక్కించెదరు. పూర్వమువలె బొడ్డుచుట్టు సూదులు ఇప్పుడు లేవు. మొదటి సూది వేసిన దినమును సున్నగా లెక్కించి 0, 3, 7, 28 దినములలో చర్మములోనికి గాని, 0, 3, 7, 14, 28 దినములలో కండరములోనికి గాని టీకా వేయుదురు. కాటు తగిలిన పెంపుడుకుక్క గాయమును కూడ కడిగి పశువైద్యునికి చూపవలెను. ఏటేట టీకా వేయించిన కుక్కకు సైతము ఇది అవసరమే.

వైరసు కాటు పడినచోటినుండి నరములవెంట మెల్లగా మెదడునకు ప్రాకును. దీనికి సాధారణముగా వారములు, నెలలు పట్టును. 1885లో పాశ్చరు జోసెఫ్ మైస్టరు అను తొమ్మిదేండ్ల బాలునికి టీకాలు వేసినప్పుడు ఆధారపడినది ఈ వ్యవధిమీదనే. వ్యాధి లక్షణములు కనబడిన పిమ్మట ప్రాణము దక్కుట బహు అరుదు. షికారులో కుక్క పన్ను గీచుకొనినను, ఇంటిలో తిట్టుదురను భయముతో పిల్లలు దానిని దాచుట కలదు. ఆ చిన్న గీత మానిపోవును. లోపలి వైరసు మానదు. కుక్క పన్ను తగిలినదని పిల్లవాడు చెప్పినప్పుడు పెద్దలు మందలింపును ఆవలబెట్టి, ముందు సబ్బును, నీళ్లను అందుకొనవలెను.