నీటిమట్టమును తెలుపు యంత్రము

గోదావరీనది మహారాష్ట్రములోని త్ర్యంబకము వద్ద పుట్టి, 1,465 కిలోమీటర్ల దూరము ప్రవహించి, బంగాళాఖాతమున కలియుచున్నది. ఈ నది ఒడ్డున, అడవుల అంచున, భద్రాచలము వెలసియున్నది. ఈ పట్టణమునకు ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి అను నదులు గోదావరిలో చేరును. ఎక్కడో దూరమున కురిసిన వానల నీరు వాని గుండ దిగివచ్చును. కావుననే భద్రాచలమున ఆకాశము నిర్మలముగా నున్న దినమునందును గోదావరి పొంగవచ్చును. ఇచట మబ్బును చూచి వరదను గుర్తించుట చాలదు. నీటినే కొలిచి చూడవలెను.

భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరికను ప్రకటింతురు. 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టు నెలలో నీరు 75.6 అడుగుల వఱకు పెరిగెను. 2022 జూలై నెలలో 71.3 అడుగులు చేరెను. ఇవి వట్టి అంకెలు కావు. ఒక్కొక్క అడుగు వెనుక మునిగిపోవు పొలములు, మెరకకు తోలవలసిన పశువులు, ఇల్లు విడువవలసిన కుటుంబములు ఉన్నవి.

ఎలక్ట్రానిక్సు నందు అభిరుచి గల విద్యార్థులు తీరిక వేళలందును, కళాశాలలోను చేయు పనులలో నీటిమట్టమును తెలుపు యంత్రము ఒకటి. దీనికి కావలసిన భాగములు అంగళ్లలో కొద్ది వెలకే దొరకును. దీనిని ఎట్లు నిర్మింతురో, ఇది ఏమి నేర్పునో తెలిసికొందము.

మొదటి విధము మిక్కిలి సులభమైనది. నది నీటిలో లవణములు కరిగియుండును. అందుచే ఆ నీటి గుండ విద్యుత్తు కొంచెముగా ప్రవహించును. ఒక తొట్టిలో రెండు తీగలను కొంత ఎత్తున నిలిపినచో, నీరు ఆ ఎత్తునకు చేరగానే వాని నడుమ స్వల్పమైన విద్యుత్ ప్రవాహము కలుగును. అది గంటను మ్రోగించుటకు చాలదు. ఇచట ట్రాన్సిస్టరు సాయపడును. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కనిపెట్టబడిన ఈ చిన్న వస్తువు, స్వల్పమైన ప్రవాహము చేత పెద్ద ప్రవాహమును అదుపు చేయగలదు. తూము తలుపును ఒక్క మనిషి తిప్పగా కాలువ నిండ నీరు పారుట వంటిదే ఇది. తీగల మీదికి నీరు రాగానే ట్రాన్సిస్టరు దారి తెఱచును, గంట మ్రోగును.

కాని ఈ యంత్రము కొన్ని దినములలోనే మూగవోవచ్చును. విద్యుత్తు నీటిలో ఎల్లప్పుడు ఒకే దిక్కున ప్రవహించినచో, రసాయనిక చర్య వలన ఒక తీగ క్రమముగా తినివేయబడును. ప్రవాహము యొక్క దిక్కును మాటిమాటికి మార్చుటయు, చూడవలసిన క్షణమునందు మాత్రమే విద్యుత్తును పంపుటయు ఇందుకు ఉపాయములు.

రెండవ విధమున యంత్రము నీటిని తాకనే తాకదు. గబ్బిలము తన కూత యొక్క ప్రతిధ్వనిని విని చీకటిలో దారి తెలిసికొనును గదా! అట్లే ఒక సెన్సారు మన చెవికి వినబడని ధ్వనిని నీటి మీదికి పంపి, తిరిగివచ్చు ధ్వనికై వేచియుండును. వేడిమి 20 డిగ్రీలున్నప్పుడు గాలిలో ధ్వని సెకనునకు సుమారు 343 మీటర్లు పోవును. పోయి వచ్చుటకు సెకనులో నూరవ వంతు పట్టినచో, నీరు సుమారు 172 సెంటీమీటర్ల దూరమున నున్నదని అర్థము. సెన్సారు ఎత్తు నుండి ఈ దూరమును తీసివేసినచో నీటిమట్టము తెలియును.

అయితే గాలి వేడెక్కిన కొలది ధ్వని వేగము హెచ్చును. 40 డిగ్రీల యెండలో అది సుమారు 355 మీటర్లగును. అప్పుడు అదే కాలమునకు దూరము సుమారు 178 సెంటీమీటర్లు. వేడిమిని లెక్కింపని యంత్రము మండువేసవిలో ఆఱు సెంటీమీటర్లు తప్పు చెప్పును. కావున దానికి వేడిమిని కొలుచు మఱియొక సెన్సారును జతపఱచెదరు.

ఈ లెక్కలన్నియు చేయునది మైక్రోకంట్రోలరు అను చిన్న గణనయంత్రము. 2005లో ఇటలీ దేశమున వెలువడిన ఆర్డుయినో అను పలక వలన దీని వాడుక విద్యార్థులకు సులభమయ్యెను. ఏమి చేయవలెనో వరుసగా వ్రాసి యిచ్చు ఆజ్ఞల పట్టికయే ప్రోగ్రాము. సెన్సారు ఐదుమాఱులు కొలువగా 210, 211, 90, 210, 212 సెంటీమీటర్లు వచ్చినవనుకొందము. మూడవ కొలత వేళ ఒక పక్షి అడ్డము వచ్చియుండవచ్చును. సగటు కట్టినచో సుమారు 187 వచ్చును. నీరు హఠాత్తుగా 23 సెంటీమీటర్లు పెరిగినట్లు తోచును. అట్లుగాక, అంకెలను చిన్నదాని నుండి పెద్దదాని వఱకు పేర్చి, నడిమి దానిని గ్రహించినచో 210 వచ్చును. అదియే సరియైనది.

ఇట్టి చౌకయైన సెన్సారు సుమారు నాలుగు మీటర్ల వఱకు మాత్రమే కొలువగలదు. గోదావరి మూడవ హెచ్చరికయైన 53 అడుగులనగా 16 మీటర్లకు పైమాట. కావున ఈ యంత్రము నీళ్ల ట్యాంకునకో, చిన్న వాగునకో తగును గాని మహానదికి చాలదు. నదిని కొలుచు పని కేంద్ర జలసంఘమువారిది. అడుగుల గుర్తులు గల కొలబద్దలతో పాటు, ఉపగ్రహము ద్వారా సమాచారమును పంపు పరికరములను కూడ వారు వాడుచున్నారు. తన యంత్రపు హద్దును ఎఱుగుటయు విద్యలో ఒక భాగమే.

ఇక అన్నిటి కంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. గాలివానలో విద్యుత్తు పోవుట సహజము. యంత్రముతో పని పడునదియు అప్పుడే. గంట మ్రోగనిచో నీరు పెరుగలేదని తలపవలెనా, యంత్రము చెడినదని తలపవలెనా? ఈ సందేహము ప్రాణముల మీదికి తేగలదు. అందుచే తెలిసినవారు యంత్రమునకు బ్యాటరీని అమర్చి, పది నిమిషముల కొకసారి క్షేమముగా నున్నానను సంకేతమును పంపునట్లు ప్రోగ్రాము వ్రాయుదురు. ఆ సంకేతము రాకపోయినచో, అదియే ఒక హెచ్చరిక. అట్లే ఊరక మ్రోగు గంటయు అపాయకరమే. నాన్నా పులి కథలోని పిల్లవాని కేక వలె, దానిని నిజమైన ఆపదలో ఎవరును లక్ష్యపెట్టరు.

గోదావరి దిగువన, పశ్చిమగోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామమున 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు మన దేశపు అణుశక్తి కార్యక్రమమునకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరములను స్వదేశముననే నిర్మించు కృషికి నాయకులైరి. 1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వారి చేతులమీదుగా పెరిగెను. అణుధార్మిక కిరణములకు రంగు లేదు, వాసన లేదు. వాని ఉనికిని తెలుపునది పరికరము మాత్రమే. అది తప్పు చెప్పినచో అచట పనిచేయువాని కెట్టి రక్షణయు లేదు. పరికరము చిన్నదైనను పెద్దదైనను నియమ మొక్కటే: దాని మాట నమ్మదగినదై యుండవలెను.

మీలో ఎవరైన ఇట్టి యంత్రమును చేయబూనినచో, దాని ప్రక్కనే ఒక కొలబద్దను నిలుపుడు. యంత్రము చెప్పిన అంకెను, కొలబద్ద చూపిన అంకెను ప్రతిదినము ఒక పుస్తకమున వ్రాసికొనుడు. ఎండలో, వానలో, రాత్రివేళ, విద్యుత్తు పోయినపుడు వానిని సరిచూడుడు. రెండును ఎప్పుడు ఏకమగునో, ఎప్పుడు భేదించునో ఆ పుస్తకమే చెప్పును. గంట మ్రోగుట చూచి సంతసించుట అభిరుచి; అది ఎప్పుడు మ్రోగకపోవచ్చునో ముందుగా కనిపెట్టుట విద్య.