రామ్‌గఢ్ ప్రసంగం: మన పిల్లల వ్యాసాలు

మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ జయంతి అయిన నవంబరు 11ను పురస్కరించుకుని మన సంఘం విద్యార్థినీ విద్యార్థులకు వ్యాసరచన పోటీ నిర్వహిస్తోంది. ఈ ఏడాది ఇచ్చిన విషయం: 'రామ్‌గఢ్ ప్రసంగంలో స్వాతంత్ర్యం'. పిల్లలు శ్రద్ధగా రాశారు, సంతోషం. అయితే చాలామంది ఒక్క పేరా దగ్గరే ఆగిపోయారు. నేను ముస్లింను, అందుకు గర్విస్తున్నాను. భారతీయుణ్ణి, అందుకూ గర్విస్తున్నాను అనే అర్థంలో మౌలానా చెప్పిన పేరా అది. గొప్ప మాటలే. కానీ ఆ మాటలు ఎందుకు చెప్పవలసి వచ్చిందో తెలియకపోతే, అవి మన దేశభక్తికి మనమే రాసుకున్న సర్టిఫికెట్‌లా కనిపిస్తాయి. మౌలానా ఎవరికీ సర్టిఫికెట్ చూపించలేదు.

1940 మార్చిలో, నేటి జార్ఖండ్‌లోని రామ్‌గఢ్‌లో కాంగ్రెస్ మహాసభ జరిగింది. అధ్యక్షుడు ఆజాద్. కుండపోత వానకు సభాస్థలమంతా నీళ్ళు నిలిచాయి. ఆ ఊరు రాంచీకి దగ్గరే. బెంగాల్ నుంచి బహిష్కరించిన తర్వాత ఆంగ్ల ప్రభుత్వం 1916 నుంచి 1919 చివరి దాకా ఆయనను నిర్బంధంలో ఉంచింది ఆ రాంచీలోనే. అదే వారంలో లాహోర్‌లో ముస్లిం లీగ్ సమావేశమై, ముస్లింలు అధికంగా ఉన్న ప్రాంతాలకు వేరే రాజ్యాలు కావాలని తీర్మానించింది. ఈ రెండు సభలనూ పక్కపక్కన పెట్టి చూసిన వ్యాసాలు మాకు బాగా నచ్చాయి.

ప్రసంగంలో మొదటి భాగం యుద్ధం గురించి. 1939 సెప్టెంబరులో వైస్రాయి మన వాళ్ళను ఒక్క మాటైనా అడగకుండా భారతదేశాన్ని యుద్ధంలోకి దింపాడు. యూరప్‌లో స్వేచ్ఛ కోసం పోరాడుతున్నామనే వాళ్ళు ఇక్కడ ఆ స్వేచ్ఛ ఎందుకివ్వరన్నది మౌలానా వాదం. దీన్ని పిల్లలు బాగానే అందుకున్నారు.

అందరూ దాటేసింది అల్పసంఖ్యాకుల భాగాన్ని. మా దృష్టిలో ప్రసంగానికి గుండెకాయ అదే. అక్కడ మౌలానా రెండు సూత్రాలు చెప్పారు. ఏ రాజ్యాంగం వచ్చినా అందులో అల్పసంఖ్యాకుల హక్కులకు పూర్తి హామీ ఉండాలి. ఆ హామీలు ఏవో తేల్చవలసింది అల్పసంఖ్యాకులే. అధికసంఖ్యాకులు తమ ఓట్ల బలంతో తేల్చడానికి వీల్లేదు. ఇక్కడే ఇంకొక మాట కూడా అన్నారు. ఎనిమిది తొమ్మిది కోట్ల జనం, కొన్ని రాష్ట్రాల్లో తామే అధికులై ఉండి, తమను బలహీనులమని ఎందుకు అనుకోవాలి? స్వతంత్ర భారతాన్ని భయంతో చూస్తామా, ధైర్యంతో చూస్తామా అని తన వాళ్ళనే నిలదీశారు. గర్వం పేరా దీని తర్వాత వస్తుంది. హక్కుల మాట తేలాకే అనుబంధం మాట, ఆ వరుస గమనించాలి.

పదో తరగతి అమ్మాయి ఒకరు రెండో సూత్రాన్ని తమ బడికి అన్వయించింది. ఉర్దూ టీచర్ పోస్టు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంటే, ఉర్దూ అవసరమో కాదో ఎవరు చెప్పాలి, చదివే పిల్లలా, పైనున్న వాళ్ళా అని అడిగింది. అక్షరదోషాలు చాలానే ఉన్నాయి. అయినా మొదటి బహుమతి ఆ వ్యాసానికే ఇచ్చాం. ప్రసంగాన్ని పొగడటం తేలిక, దానితో ఒక ప్రశ్న అడగటం కష్టం.

మౌలానాకూ తెలుగువాళ్ళకూ సంబంధం ఏమిటని ఒక అబ్బాయి రాశాడు. 1942 ఆగస్టులో అరెస్టయ్యాక అహ్మద్‌నగర్ కోటలో ఆయనతో పాటు బందీగా ఉన్నవారిలో మన బందరు డాక్టర్ పట్టాభి సీతారామయ్య గారు ఒకరు. దాని మీదే ఇంకో వ్యాసం రాయవచ్చు.

తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఒక మనవి. గైడు పుస్తకంలోని పది వాక్యాలు బట్టీ పట్టించకండి. ఆ ప్రసంగం ఉర్దూలో ఉంది. లిపి రాని పిల్లలకు ఇంట్లో దాదీయో, నానాయో చదివి వినిపిస్తే, అర్థం కాని మాట దగ్గర ఆపి అడిగే వీలుంటుంది. అలా విని రాసిన నాలుగైదు వ్యాసాలను మేము చూడగానే గుర్తుపట్టాం.

వచ్చే ఏడాది విషయం, 1947 అక్టోబరులో ఢిల్లీ జామా మసీదు దగ్గర మౌలానా చేసిన ప్రసంగం. అప్పటికి దేశం విడిపోయింది, ఢిల్లీ ముస్లింలు మూటలు కట్టుకుంటున్నారు. రామ్‌గఢ్‌లో అడిగిన భయం, ధైర్యం ప్రశ్నకు ఏడేళ్ళ తర్వాత ఏమైందో వెతకమని పిల్లలకు చెప్పండి. రెండు ప్రసంగాల ప్రతులూ సంఘం కార్యాలయంలో ఉంటాయి. జుమా నమాజు తర్వాత వచ్చి తీసుకోవచ్చు.