గడువు గల విలాసము

ఖరగ్‌పూరులో రైల్వే పేటలనుండి ఐఐటీకి పోవు త్రోవలో పూరీ గేటు నెరుగని తెలుగువారు లేరు. బెంగాల్ నాగపూర్ రైల్వే దినములనుండి శ్రీకాకుళ, విజయనగర, విశాఖ ప్రాంతములు విడిచి పనికై ఈ పట్టణమునకు వచ్చిన కుటుంబములకు మొదటి చింత క్వార్టరే. ఖాళీ యున్నదా యని విచారించుట, దరఖాస్తు పెట్టుట, కేటాయింపు కాగితము చేతికందుట, కొలువున్నంత కాలము ఆ యింటి సంఖ్యయే తమ విలాసముగా ఉత్తరము లందుకొనుట, పదవీవిరమణ పిమ్మట తాళపుచెవి నొప్పగించుట అను ఈ క్రమము నెరిగినవారికి, లినక్స్ కంప్యూటరు నెట్‌వర్కులో తన విలాసమును తానే సంపాదించుకొను విధానము సులభముగా బోధపడును.

నెట్‌వర్కులో చేరు ప్రతి యంత్రమునకు ఐపీ అడ్రసు అను సంఖ్య కావలెను; ఒకే సంఖ్య రెండింటి కున్నచో, సందేశ మెవరికి చేరవలెనో తేలక రెండును చిక్కుపడును. పూర్వము నిర్వాహకుడు ఈ సంఖ్యలను పుస్తకములో వ్రాసికొని, ఒక్కొక్క యంత్రమునకు స్వహస్తముతో అమర్చుచుండెను. 1985లో వెలువడిన బూట్‌పీ పద్ధతి ఆ శ్రమను కొంత తగ్గించినను, ఏ యంత్రమున కే సంఖ్యయో ముందుగనే పట్టికలో వ్రాసియుంచవలసి యుండుటచే, పట్టికకెక్కని క్రొత్తవానికి చోటు దొరకకుండెను. రాల్ఫ్ డ్రోమ్స్ రచించిన డీహెచ్‌సీపీ నియమావళి 1993లో తొలిరూపమును, 1997లో నేటికిని ఆధారమైన రూపమును పొంది ఆ లోపమును పూరించెను. విలాసమును గడువుపెట్టి యిచ్చుటయే అందలి ప్రాణభూతమైన భావము.

విలాసమే లేని యంత్రము విలాసమున కెట్లు అర్జీ పెట్టుకొనగలదు? అది 0.0.0.0 అను శూన్యసంఖ్యను తన పేరుగా జెప్పుకొని, 255.255.255.255 అను సర్వజన సంఖ్యకు, అనగా తన తీగెపై నున్న వారందరికిని వినబడునట్లు, ‘విలాస మిచ్చువా రెవరైన నున్నారా’ యని పిలుచును. ఇది మొదటి మెట్టు. విన్న సర్వరు, అనగా విలాసములను పంచు యంత్రము, తనయొద్ద ఖాళీగా నున్న సంఖ్య నొకదానిని చూపుట రెండవది. యంత్రము ‘దీనినే స్వీకరించుచున్నాను’ అని మరల అందరికిని వినబడునట్లే పలుకుట మూడవది. సంఖ్యను చూపిన సర్వరు వేరొకటి యున్నచో, అది తన సంఖ్యను ఇతరులకై వెనుకకు దీసికొనవలెనను సదుద్దేశముతో ఈ బహిరంగప్రకటన విధింపబడినది. సర్వరు సమ్మతించుట నాలుగవది. సంఖ్యతోబాటు బయటి లోకమునకు దారియైన గేట్‌వే, పేర్లను సంఖ్యలుగా మార్చు డీఎన్‌ఎస్ సర్వరు, గడువు మున్నగు వివరములును అందును.

గడువులో సగము గడవగానే యంత్రము ఇచ్చినవానినే యాశ్రయించి పొడిగింపు కోరును. సమాధానము రానిచో ఎనిమిదింట ఏడు పాళ్లు గడచినపుడు ఏ సర్వరునైనను అడుగును. అప్పటికిని ఫలింపనిచో గడువు తీరిన క్షణమున ఆ సంఖ్యను విడువవలసినదే. లినక్సులో ఈ వ్యవహారమును సాధారణముగా నెట్‌వర్క్ మేనేజర్, సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ వంటి ప్రోగ్రాములు నిర్వహించును. ‘ఐపీ అడ్రస్’ అను ఆజ్ఞ నిచ్చి చూచినచో, ఇట్లు పొందిన సంఖ్యప్రక్కన డైనమిక్ అను మాటయు, మిగిలిన సెకనుల లెక్కయు గానవచ్చును. మరల చూచిన ఆ లెక్క తగ్గియుండును.

169.254తో మొదలగు సంఖ్య కనబడినచో, పిలుపునకు సమాధానము రాక యంత్రము పొరుగువారితో మాత్రము మాటలాడుటకై తానే యొక తాత్కాలిక సంఖ్యను ఎన్నుకొన్నదని సాధారణముగా గ్రహింపవచ్చును. మరియొక జాగ్రత్త గలదు. సమాధాన మిచ్చినవాడు అర్హుడా కాడా యని ఈ పద్ధతి స్వయముగా విచారింపదు; కావున వసతిగృహములో నెవరైన ఇంటి రౌటరును తీగె తారుమారుగా తగిలించినచో, అది తెలియకయే తప్పుడు విలాసములు పంచి ఇరుగుపొరుగు నెల్లరకును ఇంటర్నెట్టు లేకుండ జేయగలదు.

చుక్కలతో నాలుగు భాగములుగా వ్రాయు ఈ తరహా ఐపీ సంఖ్యలు మొత్తము సుమారు 429 కోట్లు మాత్రమే. పంచవలసిన చివరి భాగములు 2011 ఫిబ్రవరి 3న ప్రాంతీయ సంస్థలకు పంచబడినవి. ఇంతటి కొరతలో గడువు విలువ యెంతో తెలియును. క్వార్టరు విడుచువాడు తాళపుచెవిని స్వయముగ నొప్పగింపవలెను. ఇక్కడనో, కరెంటు పోయి యంత్రము చెప్పకయే ఆగిపోయినను, గడువు తీరగానే సంఖ్య తనంతట తాను తిరిగి వచ్చి, వాకిట వేచియున్న మరియొక క్రొత్తవానికి చోటగును.