ఒక సీమ పేరు

మనిషి ఊరు విడిచినా ఊరి పేరు మనిషిని విడువదు. కందుకూరు నుండి తరలివచ్చిన కుటుంబాన్ని కొత్త ఊరివారు ‘కందుకూరి వారు’ అన్నారు. మన ఇంటిపేర్లలో అనేకం ఈ విధంగా ఏర్పడినవే. ఇతర దేశాలలోనూ ఈ రీతి ఉంది. ఇంగ్లండులోని కంబర్లాండ్ కౌంటీ పేరు ఇందుకు చక్కని ఉదాహరణ. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా వంటిది.

కంబర్లాండ్ ఇంగ్లండుకు వాయవ్య దిశలో, స్కాట్లండ్ సరిహద్దున ఉంది. ఆంగ్లేయుల రాకకు పూర్వం అక్కడ నివసించిన బ్రిటన్లు తమను ‘ఒకే సీమవారు’ అనే అర్థం గల మాటతో పిలుచుకొనేవారు. నేటి వేల్స్ ప్రజలు తమకు చెప్పుకొనే ‘కమ్రీ’ అనే పేరు కూడా ఆ మాట నుండి పుట్టిందే. వారి సీమ కనుక ఆంగ్లేయులు దానిని ‘కంబ్రలాండ్’ అన్నారు. క్రమంగా ఆ జనుల భాష అంతరించింది. పేరు మాత్రం నిలిచింది.

ఈ పేరు మొదట మనుషుల వెంట నడిచింది. స్వస్థలంలో అందరూ కంబర్లాండ్ వారే కనుక అక్కడ ఆ పేరు ఎవరినీ వేరుచేసి చూపలేదు. సీమను విడిచి అన్యప్రాంతాలలో స్థిరపడినవారికే అది ఇంటిపేరయింది. 17వ శతాబ్దపు తత్త్వవేత్త రిచర్డ్ కంబర్లాండ్ జన్మించింది లండనులో.

తరువాత ఆ పేరు సముద్రం దాటింది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1750లో ఏర్పడిన ఒక కౌంటీకి కంబర్లాండ్ అనీ, దాని ముఖ్యపట్టణానికి ఆ సీమలోని నగరం పేరిట కార్లైల్ అనీ పేర్లు పెట్టారు. అదే సంవత్సరం థామస్ వాకర్ అనే వైద్యుడు ఒక నదికి కంబర్లాండ్ పేరు పెట్టాడు. అయితే అది సీమపై మమకారంతో కాదు, రాజకుమారునిపై గౌరవంతో. రెండవ జార్జి కుమారుడైన విలియం బిరుదు ‘కంబర్లాండ్ డ్యూక్’. 1746లో కల్లోడెన్ యుద్ధంలో గెలిచి, ఓడినవారిపై చూపిన క్రూరత్వం వల్ల ‘కసాయి’ అనిపించుకొన్నది ఇతడే. నది పేరు సమీపంలోని కనుమకూ వ్యాపించింది. ఆ కనుమ మీదుగానే వేలాది కుటుంబాలు పడమటికి వలసపోయాయి.

1974లో ఇంగ్లండులో కంబర్లాండ్ కౌంటీ రద్దయి, కంబ్రియాలో కలిసింది. 2023లో అదే ప్రాంతంలో అధిక భాగానికి ఏర్పడిన పాలనామండలికి తిరిగి కంబర్లాండ్ అనే పేరే పెట్టారు.

పాలకులు హద్దులు మార్చగలరు, బిరుదులు ఇవ్వగలరు. కాని ‘మేమంతా ఒకే సీమవారం’ అని ఒకనాడు చెప్పుకొన్న జనుల మాట ఆ పేరులో ఇంకా వినిపిస్తూనే ఉంది.