ఆషాఢంలో అండమాన్... నలుగురం ఆడవాళ్లం!

ఆషాఢమాసంలో కొత్త కోడలు పుట్టింటికి వెళుతుంది. మరి నాలాంటి పాత కోడళ్లు ఎక్కడికి వెళ్లాలి? ఈ ప్రశ్న మా అత్తగారిని అడిగితే "కాశీకి వెళ్లు" అన్నారు నవ్వుతూ. మేం నలుగురం మాత్రం 2025 ఆషాఢంలో అండమాన్ వెళ్లొచ్చాం. అందులోనూ అందరూ వెళ్లే హావ్‌లాక్‌కి కాదు, దానికి దగ్గర్లోనే ఉన్న నీల్ అనే చిన్న దీవికి. మగవాళ్లు లేకుండా, పిల్లలు లేకుండా, నడి వానాకాలంలో!

నలుగురం ఎవరెవరో చెప్పాలి కదా. విజయవాడలో మాదంతా ఒకటే వీధి. ఎదురింటి పిన్నిగారు, మేడ మీద ఉండే ఎల్లైసీ ఏజెంటుగారు, వీధి చివర జాకెట్లు కుట్టే మా కుట్టుమిషనావిడ, నేను. చాలా ఏళ్లుగా కలిసి చీటీలు వేసుకుంటున్నాం. ఆ డబ్బు ఎప్పుడూ ఫ్రిజ్జుకో, పిల్లల ఫీజుకో, తాకట్టులో ఉన్న గాజులు విడిపించడానికో పోయేది. "ఈసారి ఎవరూ పాడొద్దు, నలుగురం కలిసి ఎక్కడికైనా వెళదాం" అని ఏజెంటుగారు అన్నారు. తలా నెలకు 1500 చొప్పున ఇరవై నెలలు వేశాం.

ఎక్కడికన్నది తొందరగానే తేలింది. ఎప్పుడన్న దగ్గరే చిక్కొచ్చింది. అండమాన్‌కి జనం అక్టోబరు నుంచి మే దాకా వెళతారు. కానీ కుట్టుమిషనావిడ ఒకటే మాట... "సంక్రాంతికి పని, మాఘఫాల్గుణాల్లో పెళ్లిళ్లు, శ్రావణం వస్తోందంటే వ్రతాల జాకెట్లు. నాకు ఖాళీ అంటే ఆషాఢం మొదట్లోనే. రూములు కూడా సగం ధరకే ఇస్తారట." సగం ధర అనగానే మేమందరం తలలూపాం. నేనూ ఊపాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

చెన్నై దాకా రైలు, అక్కణ్ణించి విమానం. రెండు గంటలపైన ప్రయాణం. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అని మార్చారు గానీ, మాకు కనపడినవాళ్లంతా పాతపేరే అన్నారు. మేం వచ్చీరాని హిందీలో ఆటో బేరమాడుతుంటే ఆ అబ్బాయి "ఏ ఊరండీ మీది?" అన్నాడు, అచ్చమైన శ్రీకాకుళం యాసలో! వాళ్ల తాతగారి కాలంలో వచ్చారట. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మన తెలుగువాళ్లే ఎక్కువ. సెల్యులార్ జైలు చూశాం. 1906లో పూర్తయిన ఆ కట్టడానికి ఏడు విభాగాలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక్క మనిషికి ఒక్క గది, పక్క గదిలో ఎవరున్నారో తెలియదు. పిన్నిగారు ఓ గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్లారు. ఎందుకని మేం అడగలేదు.

ఊళ్లకి రాముడి పేర్లు

మర్నాడు ఫీనిక్స్ బే జెట్టీలో గవర్నమెంటు ఓడ ఎక్కాం. నీల్ 37 కిలోమీటర్ల దూరం, రెండు గంటల ప్రయాణం. వానాకాలం సముద్రం ఎలా ఉంటుందో వెళ్లేదాకా తెలియలేదు. ఏజెంటుగారు డాక్టర్ని అడిగి తెచ్చిన వాంతుల మాత్రలు ఓడెక్కే ముందే అందరిచేతా మింగించారు. ఓడ మధ్యలో కూర్చుంటే కుదుపు తక్కువట. కూర్చున్నా కూడా నేను గంటసేపు నిమ్మకాయ ముక్కు దగ్గర్నుంచి తీస్తే ఒట్టు. కుట్టుమిషనావిడ మాత్రం కిటికీ పక్కన నిలబడి అలల్ని చూస్తూనే ఉంది.

నీల్ అన్నది 1857 తిరుగుబాటుని క్రూరంగా అణిచిన ఓ తెల్లదొర పేరు. 2018 డిసెంబరులో దీన్ని షహీద్ ద్వీప్‌గా మార్చారు. ఊళ్ల పేర్లు వింటే ముచ్చటేస్తుంది... సీతాపూర్, రామ్‌నగర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. శత్రుఘ్నుడికి మాత్రం ఊరు లేదు పాపం! దేశం చీలినప్పుడు నిరాశ్రయులైన తూర్పు బెంగాల్ వాళ్లకి 1960ల్లో ప్రభుత్వం ఇక్కడ భూములిచ్చింది. వాళ్లు అడవి కొట్టి వరి, కొబ్బరి, అరటి, కూరగాయలు వేశారు. ఇప్పుడు శ్రీ విజయపురం వంటిళ్లకి చాలా కూరగాయలు ఈ దీవినుంచే వెళతాయి. దీవంటే ఇసుకా కొబ్బరిచెట్లే అనుకున్న నేను, బెండతోటలూ గుమ్మడిపాదులూ చూసి మా అమ్మగారి ఊరికి వచ్చినట్టే అనుకున్నాను.

మేం దిగింది ఓ బెంగాలీ ఆవిడ ఇల్లు. వెనకవైపు రేకుల కప్పుతో రెండు గదులు కట్టి అద్దెకిస్తారు. గది 1200. డిసెంబరులో అయితే 3000 అని ఆవిడే చెప్పింది. మేం తప్ప మరెవరూ లేరు. అక్కడ గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనవాడు కాదు. ఐదింటికల్లా తెల్లగా తెల్లవారిపోతుంది, సాయంత్రం ఆరుకి చీకటి. పిన్నిగారు నాలుగున్నరకే లేచి "కాఫీ ఎవరు పెడతారే" అని మొదలెట్టేవారు.

మొదటి సాయంత్రం భరత్‌పూర్ తీరంలో మోకాళ్ల లోతు నీళ్లల్లో అరగంట నడిచాం. మనుషులే లేరు. ఆకుపచ్చా నీలం కలిసిన ఆ నీళ్ల రంగు కంచిపట్టు చీరల్లో కూడా చూళ్లేదని కుట్టుమిషనావిడ అంది. రంగుల సంగతి ఆవిడకే తెలియాలి.

నేనన్న మాట

రెండోరోజు తెల్లవారుజామున మొదలైన వాన మధ్యాహ్నమైనా ఆగలేదు. రేకుల మీద పడే చప్పుడికి ఒకరి మాట ఒకరికి వినపడదు. కరెంటు పోయింది. అద్దాల పడవలు లేవు, నీళ్లల్లోకి దింపి పగడాలు చూపించేవాళ్లు దుకాణం కట్టేశారు. ఆరేసిన చీరలు ఆరలేదు, గదంతా ముక్క వాసన. (వానాకాలం వెళ్లేవాళ్లు కాటన్ చీరలు తీసుకెళ్లకండి. పాలియెస్టరో, సింథటిక్ చుడీదారో పెట్టుకోండి.) నాకు చిరాకు పెరిగిపోయి, ఏజెంటుగారితో గట్టిగానే అన్నాను... "చవకగా వస్తుందని ఈ వానలో తెచ్చి పడేసింది. డబ్బులకి చూసుకుంటే ఇలాగే ఉంటుంది."

వెనక్కి తిరిగితే గుమ్మంలో కుట్టుమిషనావిడ. చేతిలో పళ్లెం, అందులో నాలుగు టీ గ్లాసులు. వంటింట్లోకి వెళ్లి మాకోసం పెట్టించుకొస్తోంది. "అల్లం వేయించానక్కా, వేడిగా తాగండి" అని బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. సాయంత్రం దాకా మళ్లీ నాతో మాట్లాడలేదు.

ఆ రాత్రి ఇంటావిడ ఖిచుడీ వండింది. బెంగాలీలకి వానపడితే ఖిచుడీ ఉండాల్సిందేనట, మనకి పకోడీల్లాగా! చేపలు లేకుండా వీళ్లకి వంట వచ్చునా అని భయపడిన పిన్నిగారు రెండుసార్లు వడ్డించుకున్నారు. చూసి రాసుకున్నాను. గ్లాసు పెసరపప్పు నూనె లేకుండా కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి కడగాలి. గ్లాసు సన్నబియ్యం కడిగి ఓడ్చి ఉంచుకోవాలి. గిన్నెలో నెయ్యి కాగాక బిరియానీ ఆకు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన అల్లం వేసి, బంగాళాదుంప, గుమ్మడి ముక్కలు మగ్గనివ్వాలి. పసుపు, పప్పు, బియ్యం వేసి రెండు నిమిషాలు తిప్పి, ఆరేడు గ్లాసుల వేడినీళ్లు, ఉప్పు, చిటికెడు పంచదార వేసి జారుగా ఉడికించాలి. దింపేముందు కాస్త గరం మసాలా, నెయ్యి. మన పులగానికి అక్కగారనుకోండి. పక్కన చక్రాల్లా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి ఆవనూనెలో వేయించిన వంకాయ. మేం ఆవిడకి ఆవకాయ రుచి చూపించాం. ఆవపిండి వాసనకి ఆవిడ మొహం విప్పారింది. వాళ్లకీ ఆవ లేకుండా ముద్ద దిగదు మరి.

అంత మంచి భోజనమూ నాకు సరిగా సహించలేదు.

మూడోరోజు వాన తెరిపిచ్చింది. లక్ష్మణ్‌పూర్ దగ్గర సముద్రం కోసిన రాతి వంతెన ఉంది. వాళ్లు దాన్ని హౌరా బ్రిడ్జి అంటారు! దానికి పాటు సమయంలోనే వెళ్లాలి, పోటు వస్తే దారి మునిగిపోతుంది. ఏ రోజు ఎన్నింటికో ఇంటివాళ్లని అడిగి బయల్దేరండి. మేం పొద్దున్నే వెళ్లాం. నీళ్లు వెనక్కి తగ్గాక రాళ్ల మధ్య గుంటలు మిగులుతాయి. వాటిల్లో రంగురంగుల చిన్న చేపలు, పీతలు, పొట్లకాయ ముక్కలా కదలకుండా పడుకున్న సముద్రపు దోసకాయలు. పగడాల మీద కాలు వెయ్యకూడదు, అవి ప్రాణమున్నవి. పాచి రాయి మీద నా కాలు జారింది. చటుక్కున చెయ్యి పట్టుకున్నది ఎవరో చెప్పక్కర్లేదు.

పట్టుకున్న చెయ్యి వదలకుండానే మెల్లిగా చెప్పింది. "డిసెంబర్లో అయితే నేను రాలేనక్కా. ఈ కిస్తీలే ఆఖరి నాలుగూ రాత్రి పన్నెండుదాకా చీరలకి ఫాల్సులు కుట్టి కట్టాను. మానేస్తానంటే నా వాటా మీరు వేసుకుంటామంటారు. అది నాకు ఇష్టం లేదు." అంతే, పిన్నిగారిని దాటించడానికి ముందుకు వెళ్లిపోయింది. పదిహేనేళ్లుగా నా జాకెట్లు ఆవిడే కుడుతోంది. ఇరవయ్యో ముప్పయ్యో తగ్గించమని నేను ప్రతిసారీ అడుగుతాను.

ఓడ రాలేదు

నాలుగోరోజు పెట్టెలు సర్దుకుని జెట్టీకి వెళితే, గాలి ఎక్కువగా ఉంది ఈరోజు ఓడ లేదన్నారు. మర్నాడూ అంతే. నాకు గుండెల్లో రాయి పడింది. ఆ వారంలోనే మా మావగారి ఆబ్దికం. మా అత్తగారికి ఫోన్ చేశాను. (2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక ఫోన్లు కొంత నయమట.) ఆవిడ తిడతారనుకుంటే, "సముద్రాన్ని నువ్వేమన్నా పొంగమన్నావుటే? మడి వంటకి మనిషిని పిలుస్తాలే" అన్నారు. ధైర్యం వచ్చింది గానీ, నేను లేకపోయినా జరిగిపోతుందన్నమాట అని ఓ మూల చిన్న నొప్పి కూడా కలిగింది. దాచడమెందుకు?

విమానం టిక్కెట్టుకి రెండురోజులు ఎడం పెట్టించింది ఏజెంటుగారే. అప్పుడు నేను "దండగ" అన్నాను. మీరు వానాకాలం వెళ్లదలిస్తే ఆ రెండురోజులూ తప్పకుండా పెట్టుకోండి. చేతిలో నోట్లు, వారానికి సరిపడా బీపీ, షుగరు మాత్రలు, ఓ టార్చిలైటు కూడా.

ఆ రెండురోజుల్లో కుట్టుమిషనావిడ ఏం చేసిందో తెలుసా? ఇంటావిడ వరండాలో గోనెపట్టా కింద పాత కాలు మిషను ఉంది. దారం ఊరికే తెగిపోతోందని మూలన పడేశారట. ఈవిడ విప్పి, తుప్పు తుడిచి, కొబ్బరినూనె వాడకూడదని ఇంటావిడకి సైగలతో చెప్పి, మిషనాయిలు తెప్పించి వేసి, గంటన్నరలో నడిపించింది. తర్వాత ఇంటావిడకి రెండు జాకెట్లు, కూతురికి గౌను. ఒకరి భాష ఒకరికి రాదు. టేపు పట్టుకుని కొలతలు తీస్తూ ఇద్దరూ పగలబడి నవ్వుకోవడం! బయల్దేరేటప్పుడు లెక్క కడితే ఇంటావిడ ఒకరోజు అద్దె 2400 తీసుకోనంది. అది నీ డబ్బే, నువ్వే ఉంచుకో అని మేమంటే కుట్టుమిషనావిడ ఒప్పుకోలేదు. "నాలుగు వాటాలు వెయ్యండి, తలా 600" అంది. ఆ 600 నేను కాదనకుండా తీసుకున్నాను. అప్పటికి నాకు ఆ మాత్రం తెలిసింది.

ఆరోరోజు ఓడొచ్చింది. విమానాశ్రయానికి బయల్దేరేముందు పిన్నిగారి చీరకొంగు ముడిలోంచి గవ్వలు బయటపడ్డాయి. అష్టాచెమ్మా ఆడడానికట! అక్కణ్ణించి గవ్వలు, పగడపు ముక్కలు తేకూడదు, విమానాశ్రయంలో పెట్టెలు తనిఖీ చేస్తారు. సణుక్కుంటూనే సముద్రపు ఒడ్డుకి వెళ్లి వదిలేసొచ్చారు. ఇంటికి చేరేసరికి మర్నాడే ఆబ్దికం. మడి వంట నేనే చేశాను, పిలిచిన మనిషి కూరలు తరిగి పెట్టింది.

ఆ వానరోజు నేనన్న మాటకి ఆవిడకి ఇంతవరకూ క్షమాపణ చెప్పుకోలేదు. ఎదురుపడితే నోరు రాదు. ఈ పత్రిక మాత్రం ప్రతివారం ఆవిడ దుకాణంలో మిషను పక్క స్టూలు మీద ఉంటుంది. జాకెట్లకి వచ్చేవాళ్లకంటే ముందు ఆవిడే చదువుతుంది.